నాణెం ఫొటో: జేపెగ్ పంపండి, రా ఫైలు దాచుకోండి

(హైదరాబాదులో నాణేల సేకరణకర్తల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాత రూపం)

అందరికీ నమస్కారం. పెద్దలు చాలామంది వచ్చారు, కాలేజీ పిల్లలు కూడా కనిపిస్తున్నారు, చాలా సంతోషం. వెనక ఉన్నవాళ్ళకి తెర సరిగ్గా కనబడకపోతే ముందుకి వచ్చేయండి. ఇవాళ మాటల కన్నా బొమ్మలే ముఖ్యం.

ఈ రోజుల్లో మనం నాణేన్ని చేతిలో పెట్టుకుని చూసేది తక్కువ, ఫొటోలో చూసేది ఎక్కువ. కొనేది ఫొటో చూసి. అమ్మేది ఫొటో పెట్టి. "అన్నా, ఇది అసలుదేనా, పోత పోసిందా?" అని అడిగేది కూడా ఫొటో పంపే. వేలల్లో, ఒక్కోసారి లక్షల్లో డబ్బు ఆ ఒక్క బొమ్మ మీద నడుస్తోంది. అలాంటప్పుడు ఆ బొమ్మ ఎలా తయారైందో మనకి తెలిసి ఉండాలి. నేను చెప్పదలచుకున్నది ఇంతే: కెమెరా తనే దిద్ది, కుదించి మీకిచ్చే ఫొటో ఫైలు, అంటే జేపెగ్, కెమెరా ఇచ్చిన తీర్పు. దిద్దక ముందు కొలతలు దాచిన రా ఫైలు సాక్ష్యం. తీర్పు కాగితం ఒక్కటీ దాచుకుని సాక్ష్యాన్ని పారేసుకోవద్దు.

తెర మీద చూడండి. ఇది నిజాం సిక్కా, చార్మినార్ రూపాయి. వెండిది, 11 గ్రాముల పైన తూగుతుంది, అడ్డంగా దాదాపు 30 మిల్లీమీటర్లు. మధ్యలో చార్మినార్ ఉంది కదా, దాని గుమ్మంలోకి చూడండి. అక్కడ అరబ్బీ లిపిలో ఒక అక్షరం ఉంది. మహబూబ్ అలీ ఖాన్ కాలంలో అయితే 'మీమ్', ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో అయితే 'ఐన్'. పాలకుడి పేరులో మొదటి అక్షరం. ఉస్మాన్ అలీ ఖాన్ తొలి సంవత్సరాల రూపాయిల్లో ఆ ఐన్ సగమే కనిపించే రకం ఒకటి, పూర్తిగా కనిపించే రకం ఇంకొకటి ఉన్నాయి. కేటలాగులు వాటిని వేర్వేరుగా చూపిస్తాయి, ధరలూ వేర్వేరు. ఈ తేడా మొత్తం ఒక మిల్లీమీటరు చోటులో, అదీ గుమ్మం నీడలో జరిగిపోతోంది.

చిన్న లెక్క వేద్దాం. 24 మెగాపిక్సెల్ కెమెరాలో చట్రం నిండా ఈ నాణేన్ని తీస్తే అడ్డంగా సుమారు 3600 పిక్సెళ్ళు వస్తాయి. అంటే మిల్లీమీటరుకి 120. ఐన్ అక్షరం చదవడానికి ఇది దండి. అదే బొమ్మని 800 పిక్సెళ్ళకి కుదించి వాట్సాప్ గ్రూపులో పెట్టారనుకోండి, మిల్లీమీటరుకి 27 పిక్సెళ్ళు కూడా మిగలవు. జేపెగ్ బొమ్మని 8 బై 8 పిక్సెళ్ళ గళ్ళుగా కోసి, ఒక్కో గడిని విడిగా కుదిస్తుంది. 27 పిక్సెళ్ళంటే మూడు గళ్ళ చిల్లర. మన ఐన్ అక్షరం తలరాత ఆ మూడు గళ్ళలో తేలిపోతోంది. గ్రూపులో "సగం ఐనా, పూర్తి ఐనా?" అని వాదించుకునేవాళ్ళు చాలాసార్లు వాదిస్తున్నది నాణెం మీది గీతల గురించి కాదు, గళ్ళ అంచుల గురించి.

మిల్లీమీటరుకి ఇంత విలువా అని ఎవరికైనా అనిపిస్తే 1911 నాటి అయిదో జార్జి రూపాయిని గుర్తు చేసుకోండి. రాజుగారి అంగీ మీద హారంలో చిన్న ఏనుగు ఉంటుంది. తొండం పొట్టిగా పడి అది జనానికి పందిలా కనబడింది. పెద్ద గొడవే అయింది. ప్రభుత్వం ఆ నాణేలు ఆపేసి, 1912లో తొండం దిద్ది కొత్త డై, అంటే నాణెం ముద్రించే అచ్చు, చేయించుకుంది.

సరే, కెమెరాలో ఏం జరుగుతోంది? సెన్సర్ మీద ప్రతి చుక్కా ఒకే ఒక్క రంగుని కొలుస్తుంది. నాలుగు చుక్కలు తీసుకుంటే రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. కోడక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ కనిపెట్టిన ఏర్పాటు ఇది, 1976లో పేటెంట్ వచ్చింది. ఈ కొలతల్ని ఉన్నవి ఉన్నట్టు రాసిపెట్టేదే రా ఫైలు. కెనాన్‌లో సీఆర్3, నికాన్‌లో ఎన్ఈఎఫ్, సోనీలో ఏఆర్‌డబ్ల్యూ, అడోబీ 2004లో తెచ్చిన డీఎన్‌జీ. పేరేదైనా సరుకు అదే.

జేపెగ్ కావాలంటే కెమెరా చాలా పనులు చేయాలి. ప్రతి చుక్క దగ్గరా లేని రెండు రంగుల్ని చుట్టుపక్కల చుక్కల్ని చూసి లెక్కకడుతుంది. వైట్ బ్యాలెన్స్, అంటే ఆ దీపం వెలుగులో తెలుపు ఏదో, నిర్ణయిస్తుంది. కాంట్రాస్ట్ పెంచుతుంది. నాయిస్, అంటే బొమ్మలో వచ్చే గరుకు చుక్కలు, తగ్గిస్తుంది. షార్ప్ చేస్తుంది. ఒక్కో రంగుకి 256 మెట్లు మాత్రమే ఉంచి మిగతావి తీసేస్తుంది. ఆ తర్వాత గళ్ళు కోసి కుదిస్తుంది. వీటిలో ఏదీ మిమ్మల్ని అడిగి చేయదు. చేసేసిన ఏ పనినీ పూర్తిగా వెనక్కి తీసుకోలేం.

జేపెగ్ ప్రమాణం 1992లో వచ్చింది. మనిషి కంటికి తెలియనిది పారేయొచ్చు అన్నది దాని పునాది. చాలా గొప్ప ఆలోచన, అది లేకపోతే ఇంటర్నెట్‌లో ఇన్ని ఫొటోలు ఉండేవి కావు. పెళ్ళి ఫొటోకి, కొండలూ గుట్టల ఫొటోకి అది బ్రహ్మాండంగా సరిపోతుంది. కానీ నాణెం చూసేవాడి కన్ను మామూలు కన్ను కాదు, పైగా చేతిలో భూతద్దం కూడా ఉంటుంది. కంటికి తెలియదని జేపెగ్ పారేసే చోటనే మనం వెతుకుతాం. పోత పోసిన నకిలీ నాణెం మీద చిన్న చిన్న గుంటలు, బుడిపెలు ఉంటాయి, లోహం పోసినప్పుడు గాలి బుడగలు మిగిల్చినవి. కెమెరా నాయిస్ తగ్గించే పనిలో వాటిని కూడా సాపు చేసేస్తుంది. దాంతో నకిలీ నాణెం నున్నగా కనబడుతుంది. ఇటు అచ్చయిన అసలు నాణెం మీద డై దెబ్బకి లోహం మధ్య నుంచి అంచుకి పాకిన సన్నని గీతలు ఉంటాయి. నాణెం తిప్పుతుంటే చక్రంలా తిరిగే మెరుపు, మనం లస్టర్ అంటామే, అది ఆ గీతల వల్లే. అవీ పోతాయి. అసలుదానికీ నకిలీకీ తేడా చెప్పే రెండు గుర్తులూ ఒకే దెబ్బకి చెరిగిపోతాయన్న మాట.

షార్పెనింగ్ ఇంకో తలనొప్పి. అక్షరాల అంచున తెల్లని గీత, దాని పక్కన నల్లని గీత వేస్తుంది. దాన్ని చూసి "ఇది డబుల్ డై, అక్షరం రెండుసార్లు పడింది" అని సంబరపడేవాళ్ళున్నారు. రా ఫైలు తెరిచి షార్పెనింగ్ సున్నా చేస్తే ఆ రెండో గీత మాయమవుతుంది. నిజంగా డబుల్ డై అయితే అక్కడే ఉంటుంది. ఈ పరీక్ష జేపెగ్‌తో చేయలేం.

ఇక రంగు. పాత వెండి మీద పసుపు, ఊదా, నీలం, ఆకుపచ్చ వలయాలు పడతాయి కదా, టోనింగ్. వెండి మీద గంధకం పేర్చిన పలచని పొర అది, ఆ పొర మందాన్ని బట్టి రంగు మారుతుంది. ఆ మార్పు చాలా సన్నగా, మెల్లగా ఉంటుంది. మామూలు జేపెగ్ రంగు సమాచారాన్ని నిలువునా సగానికి, అడ్డంగా సగానికి తగ్గించి దాస్తుంది. వెలుగు సమాచారంతో పోలిస్తే రంగు మిగిలేది నాలుగో వంతు చోట్ల మాత్రమే. పైగా కుదించేటప్పుడు రంగులోని సన్నని మార్పుల్ని కూడా పారేస్తుంది, నున్నగా మారాల్సిన నీలం మెట్లు మెట్లుగా విరిగినట్టు కనబడేది అందుకే. వెండి మీద అక్షరాల పక్కన రంగు కారినట్టు ఉండేది రంగు చోట్లు తగ్గడం వల్ల.

(సభలో ఒకరు: "సార్, కెమెరాలో జేపెగ్ ఫైన్ క్వాలిటీ పెట్టుకుంటే సరిపోదా? అంత తేడా ఉంటుందా?")

మంచి ప్రశ్న. నిజం చెప్పాలంటే, వెలుగు కుదిరి, వైట్ బ్యాలెన్స్ కుదిరి, ఎక్స్‌పోజర్ కుదిరి, పూర్తి సైజులో ఎక్కువ క్వాలిటీ జేపెగ్ తీస్తే, దాన్ని ముట్టుకోకుండా అలాగే వాడితే, రా నుంచి తయారు చేసిన బొమ్మకీ దానికీ తేడా చెప్పడం కష్టం. మీరు మ్యూజియంలో స్టాండు బిగించి, ఒకే వెలుగులో వందల నాణేలు తీసేవాళ్ళయితే జేపెగ్ మీకు చాలా పని తగ్గిస్తుంది. తేడా ఎడిటింగ్ మొదలెట్టగానే బయటపడుతుంది. మనం ఎడిట్ చేయకుండా వదిలే నాణెం ఉంటుందా చెప్పండి?

14 బిట్ల రా ఫైలులో ఒక్కో చుక్కకి 16,384 మెట్లు. 12 బిట్లయితే 4096. జేపెగ్‌లో 256. మెట్ల సంఖ్య కన్నా అవి ఎలా పంచబడ్డాయన్నది ముఖ్యం. సెన్సర్ కొలత సూటిగా ఉంటుంది, వెలుగు రెట్టింపైతే అంకె రెట్టింపు. కాబట్టి 16,384లో సగం, అంటే 8192 మెట్లు, అన్నిటికన్నా వెలుగైన ఒక్క స్టాప్‌లోనే ఉంటాయి (స్టాప్ అంటే వెలుగు ఒకసారి రెట్టింపు లేదా సగం కావడం). దాని కింద స్టాప్‌కి 4096, దాని కింద 2048. వెండి నాణెం మెరుపంతా పై రెండు స్టాప్‌లలోనే కదా ఆడేది. అక్కడ రా ఫైలు దగ్గర వేల మెట్లున్నాయి, జేపెగ్ దగ్గర వందకి అటూ ఇటూగా ఉన్నాయి. కాస్త ఎక్కువ వెలుగు పడిన రూపాయిని రా నుంచి ఒక స్టాప్ దింపితే రాజుగారి చెంప మీద గుండ్రదనం తిరిగి వస్తుంది. జేపెగ్‌లో దింపితే తెల్లమచ్చ కాస్తా బూడిదమచ్చ అవుతుంది, అంతే.

కానీ పూర్తిగా కాలిపోయిన తెలుపుని రా ఫైలు కూడా తేలేదు. మూడు రంగుల్లో ఒకటి రెండు మిగిలి ఉంటేనే సాఫ్ట్‌వేర్ ఏమైనా చేయగలదు. ఇంకో విషయం, కెమెరా వెనక చూపించే హిస్టోగ్రామ్, అంటే వెలుగు ఎక్కడ ఎంత ఉందో చెప్పే గ్రాఫు, రా ఫైలుది కాదు, లోపల చేసుకున్న జేపెగ్‌ది. మీరు రా తీస్తున్నా అది జేపెగ్ లెక్కే చెబుతుంది. పిక్చర్ స్టైల్‌ని న్యూట్రల్‌లో పెట్టి కాంట్రాస్ట్ తగ్గించుకుంటే ఆ హిస్టోగ్రామ్ నిజానికి కొంచెం దగ్గరగా వస్తుంది.

చీకటి వైపు సంగతి మన ప్రాంతం వాళ్ళకి మరీ ముఖ్యం. శాతవాహనుల సీసం నాణేలు, పోటిన్ అనే మిశ్రమ లోహం నాణేలు, మట్టి పట్టి నల్లబడిన రాగి. వీటిలో వెలుగు తక్కువ, ఎత్తుపల్లాలూ తక్కువ. తెలంగాణలోని కోటిలింగాలలో దొరికిన గోబద, నారన, సమగోప లాంటి పాత రాజుల పేర్లు మనకి తెలిశాయంటే ఆ నాణేల మీది బ్రాహ్మీ అక్షరాలు చదవబట్టే. అరిగిపోయిన ఒక అక్షరం తల మీద చిన్న కొమ్ము ఉందా లేదా అన్నదాని మీద పేరే మారిపోవచ్చు. అలాంటి నాణేన్ని జేపెగ్‌లో రెండు స్టాప్‌లు వెలిగించి చూడండి. ఇదిగో తెర మీద ఎడమవైపుది. నీడలో గళ్ళు తేలాయి, గళ్ళ అంచులు గీతల్లా కనబడుతున్నాయి. బ్రాహ్మీ అక్షరాలు కూడా గీతలే! ఏది రాజు చెక్కించినది, ఏది కెమెరా చెక్కినది? కుడివైపుది అదే క్షణంలో తీసిన రా ఫైలు, అంతే వెలిగించాను. గరుకుగా ఉంది, నాయిస్ ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ నాయిస్ ఇసుకలా అంతటా సమంగా ఉంది కాబట్టి దాన్ని ఎవరూ అక్షరం అనుకోరు.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. అక్షరాలు కనబడట్లేదని నాణేన్ని చింతపండుతో తోమకండి, నిమ్మకాయ రుద్దకండి. సీసం మీద పట్టిన తెల్లటి పొక్కు పోతే దాంతోపాటు అక్షరమూ పోతుంది. రాగి మీది పాటినా, అంటే కాలంతో పట్టిన పైపొర, రెండు వేల ఏళ్ళలో కట్టింది, మీ వంటింట్లో రెండు నిమిషాల్లో పోతుంది, మళ్ళీ రాదు. తోమాలనిపించినప్పుడు ముందు దీపం జరపండి. పక్క నుంచి, బాగా వాలుగా వెలుగు వేయండి. ఒకసారి ఎడమ పక్క నుంచి, ఒకసారి నాణెం తల వైపు నుంచి వెలుగు వేసి తీయండి. అరిగిన అక్షరాన్ని పైకి లేపేది వాలు వెలుగే. వెలుగు పడని చోట రా ఫైలైనా చేసేదేమీ లేదు. ఫోకస్ తప్పితే అంతే, కెమెరా కదిలితే అంతే.

వైట్ బ్యాలెన్స్‌కి వద్దాం, నాకు అన్నిటికన్నా పట్టింపు ఉన్న విషయం ఇది. చట్రం నిండా బంగారు వరహా పెట్టి ఆటో వైట్ బ్యాలెన్స్‌కి వదిలేస్తే, కెమెరా ఆ పసుపంతా దీపానిదే అనుకుంటుంది. దాన్ని తగ్గించేస్తుంది. వరహా పాలిపోయి ఇత్తడిలా వస్తుంది. రాగి కాణీ అయితే ఎరుపు చచ్చిపోతుంది. మీరు తర్వాత జేపెగ్‌లో పసుపు పెంచితే, బంగారంలో నీలం ముందే అడుగంటి ఉంటుంది కాబట్టి మెరుపు దగ్గర రంగు మచ్చలు కడుతుంది. రా ఫైలులో వైట్ బ్యాలెన్స్ అసలు కలపబడదు. పక్కన ఒక చీటీలా రాసి ఉంటుంది, అంతే. చీటీ మార్చుకోవచ్చు, కొలతలు మారవు.

కానీ దేన్ని చూసి మార్చాలి? జ్ఞాపకాన్ని చూసి మార్చకూడదు. నాణేలు తీయడం మొదలుపెట్టే ముందు, అదే వెలుగులో, నాణెం ఉండే చోటే గ్రే కార్డు, అంటే రంగు కలవని బూడిద అట్ట, పెట్టి ఒక ఫొటో తీసుకోండి. ఇంటికొచ్చాక సాఫ్ట్‌వేర్‌లో ఆ కార్డు మీద క్లిక్ చేసి, ఆ విలువని అన్ని ఫైళ్ళకీ అతికించండి. ఒక ట్యూబ్‌లైటు, ఒక పసుపు ఎల్ఈడీ కలిపి వాడితే మాత్రం ఏ కార్డూ కాపాడలేదు, నాణెం ఒక వైపు ఒక రంగు, ఇంకో వైపు ఇంకో రంగు. గదిలో మిగతా దీపాలు ఆర్పేసి ఒకే రకం దీపాలు వాడండి, సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 95 పైన ఉన్నవి.

ఇదంతా చాదస్తం కాదు. రాగి నాణేల్ని పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి గ్రేడింగ్ సంస్థలు రంగుని బట్టే ఎరుపు, ఎరుపు-గోధుమ, గోధుమ అని మూడు తరగతులు చేస్తాయి. తరగతి మారితే ధర మారుతుంది. వైట్ బ్యాలెన్స్ గీటు (స్లైడర్) కొద్దిగా వెచ్చగా జరిపితే గోధుమ నాణెం ఎరుపు-గోధుమ అయిపోతుంది. తెలిసి చేసినా తెలియక చేసినా కొన్నవాడు మోసపోయినట్టే. ఎక్కువ ధర పెట్టి కొనేటప్పుడు అమ్మేవాడిని మర్యాదగా అడగండి, "రా ఫైలు ఒకటి పంపగలరా?" అని. రా ఫైలులో రంగుల్ని ఎడిట్ చేయడం జేపెగ్‌లో చేసినంత తేలిక కాదు. సాఫ్ట్‌వేర్‌లో చేసే మార్పులు పక్కన వేరే ఫైలులోనో, వేరే చోటనో రాసి ఉంటాయి, మూలం కదలదు.

ఎడిటింగ్ వరుస చెబుతాను. దీనికి డబ్బు పెట్టాల్సిన పని లేదు. డార్క్‌టేబుల్, రాథెరపీ రెండూ ఉచితం. నికాన్, కెనాన్ వాళ్ళ సొంత సాఫ్ట్‌వేర్లూ ఉచితమే. ముందు గ్రే కార్డు నుంచి వైట్ బ్యాలెన్స్. తర్వాత ఎక్స్‌పోజర్. తర్వాత హైలైట్లు కొంచెం దింపడం. కాంట్రాస్ట్ కర్వ్ చాలా తక్కువ. క్లారిటీ, టెక్స్చర్ అని గీటులుంటాయి, వాటి జోలికి పోకండి. నాణెం మీద ఉన్న చిన్న వెంట్రుకవాసి గీతల్ని అవి కత్తి గాట్లలా చూపిస్తాయి, అరిగిన బొమ్మని అప్పుడే అచ్చయినట్టు చూపిస్తాయి. రెండూ అబద్ధాలే. సాచురేషన్, అంటే రంగు గాఢత, సున్నా దగ్గరే ఉండనివ్వండి. నాణేన్ని చేతిలో పెట్టుకుని, అదే దీపం కింద, తెర పక్కన పెట్టి చూడండి. కలిసిందా, ఆపేయండి.

వెనక నేపథ్యం తీసేయాలన్నా, బొమ్మ, బొరుసు రెండూ ఒక చోట పేర్చాలన్నా, రా నుంచి 16 బిట్ల టిఫ్ ఫైలు తీసుకుని గింప్‌లో చేయండి. 2018లో వచ్చిన 2.10 నుంచి గింప్ 16 బిట్లు పట్టించుకుంటుంది. మధ్యలో జేపెగ్‌గా సేవ్ చేసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ దిద్ది, మళ్ళీ సేవ్ చేస్తే ప్రతిసారీ ఇంకొంత పోతుంది. జేపెగ్ అనేది చివరి పని. పంపే సైజుకి కుదించి, ఆ సైజులోనే కొంచెం షార్ప్ చేసి, ఎస్ఆర్‌జీబీ అనే మామూలు తెరల రంగుల ప్రమాణంలో, క్వాలిటీ 90 పైన పెట్టి ఒక్కసారి సేవ్ చేయండి. వాట్సాప్‌లో అయితే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, ఫైలు కుదించకుండా వెళ్తుంది.

(సభలో ఒకామె: "మా దగ్గర కెమెరా లేదండీ, ఫోనే. ఫోన్‌లో రా తీయొచ్చా?")

తీయొచ్చమ్మా. ఆండ్రాయిడ్‌లో 2014 నుంచి, ఐఫోన్‌లో 2016 నుంచి డీఎన్‌జీ తీసే వీలు ఉంది. మీ ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ ఉందేమో చూడండి. లేకపోతే రా తీసే యాప్ ఏదైనా వేసుకోవచ్చు. ఫోన్ జేపెగ్ మామూలు కెమెరా జేపెగ్ కన్నా ఎక్కువ చొరవ తీసుకుంటుంది, నాలుగైదు ఫొటోలు కలిపి, సాపు చేసి, అంచులు పదును పెట్టి ఇస్తుంది. మనుషుల ముఖాలకి బాగుంటుంది. నాణెం మీద మాత్రం లేని నునుపు తెస్తుంది. అందుకని ఫోన్‌లో రా తీయడం వల్ల లాభం కెమెరా కన్నా ఎక్కువే. మరీ దగ్గరికి వెళ్తే కొన్ని ఫోన్లు వాటంతటవే వైడ్ లెన్స్‌కి మారిపోతాయి. ఫోన్ నీడ కూడా నాణెం మీద పడుతుంది. కొంచెం పైకి ఎత్తి, రెండు పుస్తకాల దొంతర మీద ఆనించి, టైమర్ పెట్టి తీసి, తర్వాత కత్తిరించుకోండి. చేత్తో పట్టుకుని మాత్రం తీయకండి.

దాచుకోవడం గురించి. 24 మెగాపిక్సెల్ రా ఫైలు 25 నుంచి 30 ఎంబీ దాకా ఉంటుంది. నాణేనికి రెండు వైపులు, వాలు వెలుగులో ఇంకో రెండు. వెయ్యి నాణేల సేకరణకి 120 జీబీ. ఈ రోజు చిన్న హార్డ్‌డిస్క్‌కి అది ఏపాటి? రెండు డిస్కుల్లో పెట్టండి, ఒకటి వేరే ఇంట్లో ఉంచండి. కెమెరాలో రా సెట్టింగు లాస్‌లెస్ కంప్రెస్డ్ అని ఉంటే అది ఎంచుకోండి, సైజు తగ్గుతుంది, ఏమీ పోదు. ఒట్టి కంప్రెస్డ్ అని ఉన్నవాటిలో కొన్ని కొంత పారేస్తాయి. నాణెం అంచు, నల్లటి నేపథ్యం కలిసే చోట అది కనబడొచ్చు. ఫైలు పేరులో నాణెం నంబరు, వైపు, తూకం రాసేయండి. కెమెరా పెట్టిన డీఎస్‌సీ 0417 లాంటి పేరుతో వదిలేస్తే పదేళ్ళ తర్వాత అది ఏ నాణేనిదో మీకే తెలియదు, మీ పిల్లలకి అసలే తెలియదు.

కెమెరాలో రా ప్లస్ జేపెగ్ అని సెట్టింగు ఉంటుంది, రెండూ ఒకేసారి వస్తాయి. కొత్తవాళ్ళు దానితో మొదలుపెట్టండి. జేపెగ్ వెంటనే పంపుకోవచ్చు, రా ఫైలుని ఎడిటింగ్ నేర్చుకున్నాక తెరవొచ్చు.

పక్క బల్ల మీద స్టాండు, రెండు దీపాలు, గ్రే కార్డు, లాప్‌టాప్ పెట్టాం. దీపాలు గడియారంలో పది, రెండు అంకెల దగ్గర ఉన్నాయి, వాటితో మొదలుపెట్టి జరుపుతూ చూద్దాం. చార్మినార్ రూపాయి తెచ్చినవాళ్ళు ముందు రండి, గుమ్మంలో ఐన్ సగమో పూర్తో తేల్చేద్దాం. ఆ తర్వాత సీసం నాణేలు. అంచు పట్టుకుని ఇవ్వండి, వేళ్ళు మధ్యలో తగలనివ్వకండి.